'ఫిరౌన్' పదం: అర్థం, పుట్టుక, దానిపై నిలబెట్టిన వాదాలు

దివ్య ఖుర్ఆన్‌లో 'ఫిరౌన్' అనే పదం 74 సార్లు వస్తుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) పేరును మినహాయిస్తే మరే మానవుని పేరూ ఇన్నిసార్లు రాలేదు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) పేరు సైతం 69 చోట్లనే ఉంది. ఈ పదం ముస్లిముల ఇళ్ళలో పారాయణంతోనే ఆగిపోలేదు. పొగరుబోతును 'ఫిరౌన్' అంటారు. అధికార మదాన్ని 'ఫిరౌనియత్' అంటారు. ప్రతి ఫిరౌన్‌కూ ఒక మూసా ఉంటాడన్న సామెత ఫారసీ నుండి ఉర్దూలోకి, ఉర్దూ నుండి ఇక్కడి మాటల్లోకి వచ్చింది. ఇంత పరిచితమైన పదానికి అర్థమేమిటని అడిగితే మాత్రం ఒకే తీరుగా జవాబు రాదు. తరచు వినవచ్చే జవాబులు మూడు: 'సూర్యదేవుని సంతానం' అన్నది ఒకటి, 'ఈజిప్టు రాజుల బిరుదు' అన్నది రెండవది, 'గొప్ప ఇల్లు' అన్నది మూడవది. మొదటిది పొరపాటు. రెండవది సగం నిజం. మూడవది నిజమే గాని, అది ఎప్పటి అర్థమో చెప్పకపోతే దానివల్ల ప్రయోజనం లేదు.

ఇది నిఘంటువులకు వదలివేయదగిన చర్చ అనిపించవచ్చు. కాని ఈ పదం మీద ఇటీవలి దశాబ్దాలలో ఒక పెద్ద వాదం నిలబెట్టారు. చిన్న పుస్తకాలలో, ఉపన్యాసాలలో అది ఖుర్ఆన్ సత్యానికి తిరుగులేని నిదర్శనంగా ప్రచారమవుతోంది. కళాశాల విద్యార్థి ఆ వాదాన్ని నమ్మి, మరునాడు ఈజిప్టు చరిత్ర గ్రంథమొకటి తెరిచి, అందులో తాను విన్నదానికి భిన్నంగా చూస్తే అతని మనస్సులో తగిలే దెబ్బ ఆ చిన్న పుస్తకానికే పరిమితం కాదు. అందుచేత పదాన్ని దాని సొంత నేల మీద పెట్టి పరిశీలించడం అవసరం.

ముందుగా 'సూర్యదేవుని సంతానం' అన్న అర్థం సంగతి. తెలుగు పాఠకులకు ఈ అర్థం ప్రధానంగా మౌలానా సయ్యిద్ అబుల్ ఆలా మౌదూదీ (1903–1979) రచించిన 'తఫ్హీముల్ ఖుర్ఆన్' ద్వారా తెలిసింది. నాటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో జన్మించిన మౌలానా ఈ వ్యాఖ్యానాన్ని 1942లో ఆరంభించి 1972లో ముగించారు. ప్రాచీన ఈజిప్షియన్లు సూర్యుణ్ణి 'రా' అని పిలిచి మహాదైవంగా కొలిచేవారనీ, ఫిరౌన్ అన్న పేరు ఆ 'రా'తో సంబంధించినదేననీ ఆరాఫ్ సూరా వ్యాఖ్యలో ఆయన వివరించారు. ఈ వ్యుత్పత్తి మౌలానా స్వయంగా కల్పించినది కాదు. 19వ శతాబ్దపు తొలి ఐరోపా పండితులలో ఇది చలామణిలో ఉండేది. 1837లో వెలువడిన ప్రాచీన ఈజిప్షియన్ల ఆచార వ్యవహారాల గ్రంథం ద్వారా ప్రసిద్ధికెక్కిన గార్డ్‌నర్ విల్కిన్‌సన్ సైతం ఫిరౌన్ అంటే సూర్యుడేనని భావించాడు. షాంపోలియన్ 1822లో చిత్రలిపి గుట్టు విప్పి అప్పటికి పదిహేనేళ్ళే అయింది. లిపిని చదవడమే ఇంకా నడక నేర్చే దశలో ఉంది. తరువాతి తరం పండితులు ఆ అర్థాన్ని విడిచిపెట్టారు. కాని ఒకసారి పుస్తకాలకెక్కిన మాట పండితులు విడిచిపెట్టినంత మాత్రాన విడిచిపోదు. అది భాష నుండి భాషకు పాకుతూ పోయింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో అరబీ అక్షరాలు తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. ఈజిప్టు లిపి కూడా అరబీలాగే హల్లులను వ్రాసి అచ్చులను విడిచిపెట్టేది. 'ఫిరౌన్'కు మూలమైన పదంలోని హల్లులు వరుసగా ప, రే, ఐన్, ఆ తరువాత అలిఫ్ వంటి ఒక ధ్వని. దీనిని 'ప' తరువాత విడదీస్తే 'ప-రా' అవుతుంది. 'ఆ సూర్యుడు' అని అర్థం వస్తుంది. 'రే' తరువాత విడదీస్తే 'పర్-ఆ' అవుతుంది. 'పర్' అంటే ఇల్లు, 'ఆ' అంటే గొప్ప. ఇదంతా సంధి తప్పుగా విడదీసిన వ్యవహారం. చెవికి రెండూ పొసగుతాయి. కంటికి మాత్రం పొసగవు. వ్రాతలో సందేహానికి చోటే లేదు: మొదటి గుర్తు ఇంటి పథకం, అనగా క్రింది గోడలో వాకిలి విడిచిపెట్టిన దీర్ఘచతురస్రం. రెండవది కొయ్య స్తంభం. సూర్యుణ్ణి సూచించే చుక్కగల వలయం అందులో కానరాదు.

అయితే మౌలానా చెప్పిన విషయంలో ఒక భాగం చారిత్రక సత్యం. ఈజిప్టు రాజు తాను 'రా' కుమారుడనని చెప్పుకున్న మాట వాస్తవం. ఆ బిరుదు వేరే ఉంది. దాని పేరు 'సా-రా'. నాలుగవ వంశపు రాజు జెడెఫ్రె కాలం నుండి అది రాజుల నామావళిలో కనిపిస్తుంది. అంటే రాజు చేసిన దావా నిజమే, ఆ దావా ఈ పదంలో ఉన్నదనడమే పొరపాటు. మహా పండితుని వ్యాఖ్యానంలో ఒక వ్యుత్పత్తి తప్పిపోయినంత మాత్రాన ఆయన గౌరవానికి లోటు రాదు. కాని ఆ వ్యుత్పత్తిని ఆధారం చేసుకుని మరో అంతస్తు కట్టినప్పుడు పునాది సంగతి అడగక తప్పదు. ఆ అంతస్తు ప్రసక్తి ముందు వస్తుంది.

'పర్-ఆ' జీవిత చరిత్ర మూడు వేల ఏళ్ళకు పైబడినది. పిరమిడ్లు కట్టిన పాత రాజ్యపు కాలంలో అది విడి పదంగా కాక ఉద్యోగుల బిరుదులలో భాగంగా కనిపిస్తుంది: పర్-ఆ యొక్క మిత్రుడు, పర్-ఆ యొక్క ఫలానా అధికారి అని. అక్కడ దాని అర్థం అక్షరాలా రాజప్రాసాదం, రాజు కొలువుండే పెద్ద భవన సముదాయం. పన్నెండవ వంశపు కాలం నుండి ఆ మాట వెనుక 'ఆయువు, క్షేమం, ఆరోగ్యం' అనే మూడు పదాల దీవెన చేర్చడం ఆరంభమైంది. ఇటుకలకూ కొయ్యలకూ ఆయురారోగ్యాలు కోరుకోవడం విడ్డూరంగా ఉండవచ్చు. కాని అప్పటికే ఆ ఇంటి వెనుక ఇంటి యజమాని కనిపించడం మొదలైందన్న మాట.

ఇల్లు చెప్పి మనిషిని సూచించడం ఈజిప్టు వారికి మాత్రమే చెల్లిన అలవాటు కాదు. ఉస్మానియా సుల్తానుల ప్రభుత్వాన్ని ప్రపంచమంతా 'బాబె ఆలీ', అనగా ఉన్నత ద్వారం అని పిలిచింది. తెలంగాణలో 'గడీ నుండి కబురు వచ్చింది' అంటే గోడలు మాట్లాడాయని కాదు, దొర పిలిచాడని. కోస్తా జమీందారీలలో 'దివాణం' అన్న మాట కూడా అంతే. పేరు పెట్టి పిలవడానికి జంకే చోట మనిషి తన ఇంటి వెనుక దాక్కుంటాడు. భయమూ మర్యాదా కలిసి ఆ పని చేస్తాయి.

రాజును ఉద్దేశించి నేరుగా 'పర్-ఆ' అనడం ఎప్పుడు మొదలైంది? ఈజిప్టు వ్యాకరణానికి ప్రామాణిక గ్రంథం వ్రాసిన అలన్ గార్డినర్ (ఆ గ్రంథం తొలి ముద్రణ 1927) నిస్సందేహమైన మొదటి ఉదాహరణగా ఒక లేఖను చూపాడు. అది నాల్గవ అమెన్‌హోతెప్‌కు, అంటే తరువాత అఖెనాతెన్ అని పేరు మార్చుకున్న రాజుకు వ్రాసినది. ఆ రాజు పాలన క్రీ.పూ. 1353–1336 ప్రాంతానిది. అంతకు నూరేళ్ళ ముందటి మూడవ తుత్మోస్ కాలంలోనే ఈ వాడుక ఉన్నదని కొందరు అంటారు గాని, దానిని ఖాయపరచలేదు. ఏది ఏమైనా పద్దెనిమిదవ వంశపు కాలంలో, క్రీ.పూ. 15–14 శతాబ్దుల నడుమ, ఇల్లు మనిషిగా మారింది. అప్పటికీ అది రాజు అధికారిక నామావళిలో చేరలేదు. రాజుకు నియమబద్ధమైన ఐదు పేర్లు ఉండేవి, వాటిలో ఇది లేదు. జనం నోటి మాటగా, కచేరీ కాగితాల మాటగా నడిచింది. క్రీ.పూ. 10వ శతాబ్ది నాటికి గాని 'పర్-ఆ సియామున్', 'పర్-ఆ షెషొంక్' అంటూ పేరుకు ముందు చేర్చే వాడుక కనబడదు. చివరకు జనవ్యవహార భాషలో అది 'రాజు' అన్న మామూలు మాట అయిపోయింది.

దాని అంతం మరీ విచిత్రం. ఇస్లాం ఈజిప్టుకు చేరేనాటికి అక్కడి ప్రజలు మాట్లాడుతున్న ఖిబ్తీ భాషలో రాజును 'ర్రో' అనేవారు. 'పర్-ఆ' లోని మొదటి 'ప'ను వారు తమ భాషలోని నిర్దేశక ప్రత్యయంగా పొరబడ్డారు. దానిని తీసివేసి మిగిలినదే మూలపదమనుకున్నారు. ఇల్లు అన్న అర్థం పూర్తిగా మాసిపోయింది. తౌరాతులోని ఈ రాజు పేరును ఖిబ్తీలోకి అనువదించవలసి వచ్చినప్పుడు వారికి తమ సొంత మాట గుర్తుకు రాలేదు. గ్రీకు నుండి 'ఫరావ్' అని అరువు తెచ్చుకున్నారు. తమ తాతల మాటను పరాయివారి చేతి నుండి పరాయి మాటగా తిరిగి పుచ్చుకున్నారు!

పొరుగు జాతులు దీనిని ఎలా విన్నాయన్నది మరో ముచ్చట. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ 'ఫెరోస్' అనే ఈజిప్టు రాజు కథ చెప్పాడు. అది పేరు కాదనీ, బిరుదునే పేరుగా వినడం వల్ల కలిగిన భ్రమ అనీ పండితుల అభిప్రాయం. అస్సీరియా రాజు రెండవ సర్గోన్ శాసనాలలో 'ముస్రి దేశపు రాజు పిర్ఉ' కానుకలు పంపినట్లు ఉంది. అక్కడా అదే తీరు. క్రీ.శ. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ మాత్రం ఆ పదానికి ఈజిప్టు భాషలో రాజు అని అర్థమని స్పష్టంగా వ్రాశాడు. తన కాలానికి అది సరియైన మాటే.

ఇక అరబీ. హిబ్రూలో 'పర్ఓ' అన్న రూపం ఉంది. సిర్యానీలో చివర నూన్ చేరింది. అరబీ రూపంలోనూ ఆ నూన్ ఉన్నందున, అరబ్బులకు ఈ పదం సిర్యానీ క్రైస్తవుల నోట చేరి ఉంటుందని ఆర్థర్ జెఫ్రీ తన ఖుర్ఆన్ అన్యభాషా పదకోశంలో నిర్ధారించాడు. ఆ గ్రంథం 1938లో మన దేశంలోనే, బరోడాలోని ప్రాచ్య విద్యాసంస్థ నుండి వెలువడింది. జెఫ్రీ చేసిన అనుమానాలన్నింటినీ అంగీకరించనక్కరలేదు. కాని ఈ పదం అరబీ మూలం గలది కాదన్న మాట అతనికంటే చాలా ముందే ముస్లిం వ్యాకరణవేత్తలు చెప్పియున్నారు. 'ఫిరౌన్' అన్యభాషా నామం గనుకనే దానికి తన్వీన్ చేరదని వారు నిర్ణయించారు. దానికి 'అల్' కూడా చేరదు. అంటే ఖుర్ఆన్ వాక్యంలో అది 'ఆ రాజు' అన్నట్లు కాక ఒక వ్యక్తి పేరులా ప్రవర్తిస్తుంది. ఈ చిన్న వ్యాకరణ విషయం ముందు రాబోయే చర్చకు కీలకం.

అదలా ఉండగా, అరబీ రూపం ఒక మేలు చేసింది. గ్రీకు లిపిలో ఐన్ లేదు గనుక గ్రీకు ద్వారా ఐరోపా భాషలకు, అక్కడి నుండి తెలుగు బైబిలుకు 'ఫరో' అన్న రూపం చేరింది. ఐన్ రాలిపోయింది. అరబీ 'ఫిర్ఔన్' ఆ ధ్వనిని నిలుపుకున్నది. 'గొప్ప' అన్న అర్థం ఆ ఐన్‌లోనే ఉన్నది గనుక ఇది చెప్పుకోదగిన సంగతే.

ప్రాచీన వ్యాఖ్యాతల పద్ధతి చూడదగినది. జమఖ్షరీ (మరణం 1144), అతని అడుగుజాడలలో బైదావీ, రూమీయుల రాజును ఖైసర్ అనీ పారశీకుల రాజును కిస్రా అనీ అన్నట్లే అమాలిఖా రాజును ఫిరౌన్ అనేవారని వ్రాశారు. ఈ రాజుల అహంకారం చూచి అరబ్బులు 'తఫర్అన' అనే క్రియనే పుట్టించారని కూడా అన్నారు. ఇబ్న్ కసీర్ (మరణం 1373) ఆ జాబితాను పొడిగించి యమన్ రాజుకు తుబ్బఅ, హబషా రాజుకు నజాషీ అని చెప్పి, హిందూదేశపు రాజును బత్లీమూస్ అంటారని చేర్చాడు. బత్లీమూస్ అనేది నిజానికి ఈజిప్టును ఏలిన గ్రీకు వంశపు పేరు. హిందూదేశంలో కూర్చుని చదివే పాఠకునికి ఇక్కడ చిరునవ్వు రాక మానదు. అయినా మూల సూత్రం, అనగా ఇది బిరుదు అన్న గ్రహింపు, సరియైనదే. చిత్రలిపి చదవగలవాడు భూమి మీద ఒక్కడూ లేని కాలంలో వారు అంత దూరం రాగలిగారు.

నిఘంటుకారులు మరో వింత అర్థం భద్రపరచారు. ఇబ్న్ మన్జూర్ (మరణం 1311) 'లిసానుల్ అరబ్'లో ఖిబ్తీ భాషలో ఫిరౌన్ అంటే మొసలి అన్న మాట ఉంది. ఖిబ్తీలో అటువంటి అర్థం లేదు. మొసలిని వారు 'మ్సహ్' అంటారు. దానికి స్త్రీలింగ ప్రత్యయం 'త' చేరి అరబీలో 'తిమ్సాహ్' అయింది. అంటే నిఘంటుకారుడు ఫిరౌన్‌కు అర్థం చెప్పడానికి వాడిన అరబీ పదమే అసలైన ఈజిప్టు పదం! మొసలి ఊహ ఎక్కడిదన్నది ఆలోచించదగినది. బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం ఫిరౌన్‌ను నదులలో పడుకున్న మహా జలమృగంతో పోలుస్తుంది. ఆ పోలిక కథకుల నోట పడి నిఘంటువు దాకా వచ్చి ఉండవచ్చు; అంతకుమించి చెప్పడానికి ఆధారం చాలదు.

ఇప్పుడు అసలు వాదం. చిన్న పుస్తకాలు చెప్పేది ఇది: బైబిలు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కాలపు రాజును కూడా ఫరో అన్నది, ఖుర్ఆన్ మాత్రం యూసుఫ్ సూరాలో అతనిని 'మలిక్' అనగా రాజు అని మాత్రమే అన్నది, హజ్రత్ మూసా కాలపు రాజునే ఫిరౌన్ అన్నది. యూసుఫ్ కాలానికి రాజును ఫిరౌన్ అనే వాడుక పుట్టలేదు. ఈ భేదం 7వ శతాబ్దపు అరేబియాలో ఎవరికీ తెలియదు. కనుక ఇది దివ్యావిష్కృతికి చారిత్రక నిరూపణ.

ఇందులో నిజమెంత? యూసుఫ్ సూరాలో ఆ రాజు ప్రస్తావన ఐదు ఆయతులలో (43, 50, 54, 72, 76) వస్తుంది. ఐదింటా 'మలిక్' అనే ఉంది, ఒక్కసారి కూడా ఫిరౌన్ అని లేదు. ఇది నిస్సంశయం. వ్యక్తిగా 'ఫిరౌన్' అనే వాడుక కొత్త రాజ్యపు కాలానిదన్నదీ నిస్సంశయమే. ఈ రెండూ ఒకదానితో ఒకటి ఘర్షించవు. ఇంతవరకు వాదం గట్టిగానే ఉంది.

తరువాతి అడుగు దగ్గరే చిక్కు. హజ్రత్ యూసుఫ్ ఏ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్నారో ఖుర్ఆన్ చెప్పలేదు. ఈజిప్టు శాసనాలలో ఆయన ప్రస్తావన దొరకలేదు. ఆయనను హిక్సోస్ రాజుల కాలంలో (క్రీ.పూ. 1650–1550 ప్రాంతం) ఉంచడం ఒక ఊహ మాత్రమే. ఊహ అసంభవమైనదేమీ కాదు. పశ్చిమాసియా నుండి వచ్చి నైలు ముఖద్వారంలో అవారిస్ రాజధానిగా ఏలిన ఆ రాజుల కాలంలో కన్‌ఆన్ వాసి ఒకడు ఉన్నత పదవికి రావడం సహజంగా తోస్తుంది. కాని ఊహ మీద నిలిచిన దానిని నిరూపణ అనరాదు.

మౌలానా మౌదూదీ ఈ హిక్సోస్ ఊహను స్వీకరించి, దానికి తన వ్యుత్పత్తిని జోడించారు. ఫిరౌన్ అన్నది ఈజిప్షియన్ల మతపరమైన బిరుదు, హిక్సోసులు ఆ మతం వారు కారు, కనుకనే ఖుర్ఆన్ వారి రాజును ఫిరౌన్ అనలేదు, బైబిలు పొరపాటున అన్నది అని యూసుఫ్ సూరా ఉపోద్ఘాతంలో వివరించారు. పైన చెప్పిన రెండవ అంతస్తు ఇదే. హిక్సోసులు 'రా' లేకుండా పాలించారన్న నింద పాతదే. రాణి హత్‌షెప్సుత్ శాసనంలో అది ఉంది. కాని అది శత్రుపక్షం మాట. హిక్సోసుల సొంత ముద్రలు వేరే కథ చెబుతాయి. ఖియాన్, అపెపి అనే వారి ప్రసిద్ధ రాజులిద్దరూ 'సా-రా' బిరుదును ధరించారు. వారి పట్టాభిషేక నామాలలోనే 'రా' ఉంది. అపెపి పట్టాభిషేక నామానికి అర్థమే 'రా శక్తి గొప్పది' అని! గణితశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైన రైండ్ పత్రం ఆ రాజు 33వ పాలనా సంవత్సరంలో నకలు చేసినదే. దానిమీదా అతని పేరు ఆ విధంగానే ఉంది. కనుక 'రా' మతం లేనందువల్ల బిరుదు లేదన్న కారణం నిలవదు. హిక్సోసులకు ముందు పాలించిన స్వదేశీ రాజులను కూడా ఆ కాలంలో 'పర్-ఆ' అనేవారు కారు. తేడా మతంలో లేదు, కాలంలో ఉంది.

బైబిలు పట్ల కూడా న్యాయం పాటించవలసి ఉంది. ఆదికాండం ఫరో అని మాత్రమే అంటుందని చిన్న పుస్తకాలు చెప్పే మాట సరికాదు. 39, 40 అధ్యాయాలలో అదే కథలో 'రాజు', 'ఈజిప్టు రాజు' అన్న మాటలు కూడా ఉన్నాయి. తరువాతి కాలపు వ్రాతకాడు తన కాలపు మాటను వెనుకటి రాజుకు వాడడం అబద్ధం చెప్పడం కాదు. 'నిజాం' మాటే చూడవచ్చు. 'నిజాముల్ ముల్క్' అన్నది మొదట మీర్ ఖమరుద్దీన్‌కు లభించిన వ్యక్తిగత బిరుదు. 1724 నుండి 1948 వరకు హైదరాబాదును ఏలిన అతని వంశంలో అందరినీ జనం 'నిజాం' అనే అంటారు. ఆ మాట వంశానికి ఎప్పుడు స్థిరపడిందో ఎవరూ ఆరా తీయరు, తీయనందువల్ల చరిత్ర తారుమారు కాదు.

గమనించవలసిన మరో సంగతి ఉంది. బైబిలు పక్షాన వాదించేవారు కూడా ఇదే పదాన్ని నిదర్శనంగా చూపుతారు. పాత సంఘటనలలో ఉత్త 'ఫరో' అనీ, తరువాతి కాలంలో 'ఫరో నెకో', 'ఫరో హొఫ్రా' అనీ బిరుదుకు పేరు చేర్చి వ్రాసినందున అది ఈజిప్టు వాడుకకు అచ్చంగా సరిపోయిందని వారంటారు. అవే శాసనాలు, అవే తేదీలు, ఇరుపక్షాలకూ గెలుపు! రెండు వైపులా ఒకే కాటా పట్టుకుని తమకు కావలసిన బరువు తూచుకుంటున్నారు.

ఇక 'మలిక్', 'ఫిరౌన్' భేదానికి వేరే వివరణ లేదా? ఉంది, అది ఖుర్ఆన్ లోపలి నుండే వస్తుంది. పైన చెప్పినట్లు ఖుర్ఆన్‌లో 'ఫిరౌన్' ఒక పేరులా నడుస్తుంది. అది మూసా (అలైహిస్సలాం)ను ఎదిరించిన ఆ ఒక్కనికే చెందిన పేరు. తాను మీ మహోన్నత ప్రభువునని ప్రకటించినవాడు, నదులు తన పాదాల క్రింద పారుతున్నాయని మురిసినవాడు అతడు. యూసుఫ్ కాలపు రాజు అటువంటివాడు కాడు. కలకు అర్థం అడిగాడు, చెరసాల వాసి మాట విన్నాడు, నిర్దోషి అని తేలాక అధికారం అప్పగించాడు. అతనిని ఆ పేరుతో పిలవకపోవడం కథ న్యాయానికి సంబంధించిన విషయం. దీనికి ఈజిప్టు శాసనాల సాక్ష్యం అక్కరలేదు.

ప్రాచీన వ్యాఖ్యాతలు ఈ భేదాన్ని చారిత్రక అద్భుతంగా ఎన్నడూ చూపలేదన్నది కూడా ఆలోచించదగినది. బైదావీ నిస్సంకోచంగా 'మూసా ఫిరౌన్' అనీ 'యూసుఫ్ ఫిరౌన్' అనీ ఇద్దరినీ ఆ బిరుదుతోనే పిలిచి, ఇద్దరి నడుమ నాలుగు వందల ఏళ్ళకు పైగా అంతరం ఉన్నదన్నాడు. గాఫిర్ సూరా 34వ ఆయతులో ఫిరౌన్ కొలువులోని విశ్వాసి హజ్రత్ యూసుఫ్ గతంలో మీ వద్దకు వచ్చారని గుర్తు చేయడం చూచి, ఇద్దరు రాజులూ ఒకడేనేమో అనుకున్నవారూ ఉన్నారు. వారి విశ్వాసం ఈ భేదం మీద ఆధారపడి లేదు.

ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంది. 'పర్-ఆ' అంటే గొప్ప ఇల్లు అని తెలిసినవాడు తహ్రీమ్ సూరా 11వ ఆయతు దగ్గర ఆగకుండా ఉండలేడు. అక్కడ ఫిరౌన్ భార్య తన ప్రభువును వేడుకుంటుంది: స్వర్గంలో నీ సన్నిధిలో నా కోసం ఒక ఇల్లు నిర్మించు, ఫిరౌన్ నుండి నన్ను కాపాడు అని. 'గొప్ప ఇల్లు' అనే పేరుగలవాని ఇంటిలో ఉన్న ఇల్లాలు, ఆ ఇంటిని కాదని మరో ఇల్లు కోరుతున్నది. యూనుస్ సూరా 87వ ఆయతులో మూసా (అలైహిస్సలాం) ప్రజలకు ఈజిప్టులో ఇళ్ళు ఏర్పరచుకోమనీ, వాటినే ఖిబ్లాగా చేసుకోమనీ ఆదేశం ఉంది. గొప్ప ఇంటి ఎదుట పేదల ఇళ్ళు. చదువుతుంటే గుండె తడుస్తుంది. రేపో మాపో ఎవరైనా దీనిని కూడా 'భాషాశాస్త్ర అద్భుతం' అని అచ్చువేయవచ్చు. అలా చేయడం పొరపాటు. ఆ పుణ్యవతి ప్రార్థన ఈజిప్టు నిఘంటువు తెరవని కోట్లాది మందిని పన్నెండు వందల ఏళ్ళపాటు కదిలించింది, షాంపోలియన్ పుట్టకముందే. పదం అర్థం తెలిస్తే ఆ ఆయతు చదవడంలో ఒక అదనపు వెలుగు పడుతుంది, అంతే. వెలుగును వెలుగుగా ఉంచాలి. దానిని కత్తిగా సాగదీయనక్కరలేదు.

తెలుగులో వ్రాసేవారికి ఈ చర్చ వల్ల తేలే పని ఒకటి ఉంది. ప్రవక్తల గాథలు పిల్లలకు చెప్పేవారు యూసుఫ్ కాలపు రాజును కూడా అలవాటుగా ఫిరౌన్ అనేస్తుంటారు. కథ రక్తి కట్టడానికి పరిచితమైన పేరు ఉపయోగపడుతుంది గాని, మూలంలో 'మలిక్' ఉన్నచోట 'రాజు' అనే వ్రాయడం అనువాదకుని విధి. కారణం హిక్సోసులు కాదు, మూలంలోని మాట అది కావడమే. అట్లే ఫిరౌన్ అన్న మాటకు అడుగున అర్థం వ్రాయదలచినవారు 'సూర్యదేవుని కుమారుడు' అన్నదానిని తొలగించి, 'మొదట గొప్ప ఇల్లు, అనగా రాజప్రాసాదం. తరువాత అందులోని రాజు' అని వ్రాస్తే సరిపోతుంది. సూర్యదేవుని సంతానమని ఆ రాజులు చెప్పుకున్న సంగతి వేరే వాక్యంలో చేర్చుకోవచ్చు. దానికి 'సా-రా' బిరుదు సాక్ష్యం ఉండనే ఉంది.